గుండ్లకమ్మ ఒడ్డున రెండు నిర్ణయాలు

1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ నీళ్లలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నదిలో దిగారు. ఈ సంఖ్య తెలుగు క్రైస్తవుల్లో చాలామందికి కంఠతా వచ్చు. అంతకుముందు ఏడాదికి పైగా అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి తలుచుకునేవారు తక్కువ.

అవి 1876–78 కరువు రోజులు. క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కూలీలే బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆకలి కోసం విశ్వాసం ఒప్పుకుంటారేమోనని ఆయన ఆగాడు. అన్నానికి ఏ షరతూ లేదు, బాప్తిస్మాన్ని మాత్రం వాయిదా వేశాడు.

అదే మనిషి అంతకు పదేళ్లకు పైగా ముందు తీసుకున్న నిర్ణయం దీనికి పూర్తి వ్యతిరేకంగా కనిపిస్తుంది. 1866లో ఎర్రగుంట్ల పేరయ్య అనే విశ్వాసి వెంట మాదిగలు సువార్త వైపు కదిలినప్పుడు, ఒంగోలు పైకులాలవారికి అది నచ్చలేదు. వీళ్లను చేర్చుకుంటే మేం రామన్నారు. బడి నుంచి పిల్లల్ని మాన్పించారు. క్లౌ దంపతులు వేర్వేరు గదుల్లో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయుల మొదటి పత్రికలో ఒకే చోటు కనబడిందని ఆయనే రాసుకున్నాడు: లోకం లెక్కచేయనివారిని దేవుడు ఎన్నుకున్నాడని పౌలు చెప్పే భాగం. మాదిగలకు తలుపు మూయలేదు.

అయితే తలుపు తీశాక ఏమీ అడగకుండా ఊరుకోలేదు. విగ్రహాలకు మొక్కవద్దు, చచ్చిన పశువు మాంసం తినవద్దు, ఆదివారం పని చేయవద్దు అన్నాడు. జాతరలో డప్పు కొట్టం అన్నందుకు ఊళ్లలో ఆ కుటుంబాలు అనుభవించిన కష్టం చిన్నది కాదు. అయినా వాళ్లు నిలబడ్డారు. ఆహ్వానం పేరిట బోధను పలచన చేయనక్కరలేదని చూపించింది మిషనరీ కన్నా ఆ విశ్వాసులే.

ఆహ్వానాన్నీ బోధనూ విడదీసి చూడలేకే సంఘాలు చిక్కుల్లో పడతాయి. బోధలో కూడా వాక్యంలో ఉన్నదేది, అలవాటుగా వచ్చి చేరిందేది అని వడగట్టడం కష్టమైన పని. ఒక్కోసారి నూరేళ్లు పడుతుంది. 1888లో ఆంగ్లికన్ బిషప్పుల లాంబెత్ మహాసభ బహుభార్యలున్న పురుషులకు బాప్తిస్మం ఇవ్వరాదని తీర్మానించింది. ఆ మాట పట్టుకుని ఆఫ్రికాలో భార్యల్ని వదిలేస్తే, దిక్కులేనివాళ్లయింది స్త్రీలూ పిల్లలూ. 1988లో అదే మహాసభ, ఏకపత్నీత్వమే దేవుని సంకల్పమన్న బోధను అలాగే నిలిపి, ఇకపై మరో పెళ్లి చేసుకోనని మాట ఇచ్చి, స్థానిక సంఘం సమ్మతిస్తే అలాంటివారిని చేర్చుకోవచ్చంది. ఉన్న భార్యలను వదిలేయమని బలవంతపెట్టవద్దని స్పష్టంగా చెప్పింది. బోధ మారలేదు. దాని భారం బలహీనుల మీద పడకుండా చూశారు.

కులం సంగతి ఇందుకు భిన్నం. దానికి వాక్యంలో ఆధారమే లేదు. అయినా దక్షిణాదిలో అది చర్చి గడప దాటి లోపలికి వచ్చింది. తిరుచిరాపల్లిలో ఒక కాథలిక్ శ్మశానంలో దళితుల సమాధులను వేరుచేసే గోడ మీద ఏళ్లపాటు పోరాటం సాగింది. తెలుగు సంఘాల్లో పదవుల ఎన్నికలప్పుడు కులాల లెక్కలు వినబడని ఊరు ఎక్కడుంది?

కాబట్టి సంప్రదాయ బోధను కాపాడుతున్నామనే పెద్దలు ముందు తమ సంఘాల్లో ఈ లెక్కలు మానిపించాలి. ఆ తర్వాతే కొత్తగా వచ్చేవారిని మారుమనస్సు అడగాలి.