లోపల తవ్వితే దొరుకుతుందా?

అనంతపురం వైపు ఏ రైతునడిగినా బోరు కథ ఒకటి చెప్తాడు. మొదటిది ఎండిపోయింది, రెండోదాన్ని ఇంకా లోతుకు దింపారు, చివరికి అప్పు మిగిలింది. ‘నీ ప్యాషన్ ఏంటో నీలోపలే వెతుక్కో’ అన్న మాట వింటే నాకు ఆ బోర్లే గుర్తొస్తాయి. లోపల నీళ్లున్నాయని, సరిగ్గా తవ్వకపోవడం మన తప్పేనని ఆ మాట నమ్మిస్తుంది. పాతికేళ్లొచ్చినా ఏమీ తగలకపోతే మనలోనే ఏదో లోపం ఉందనిపిస్తుంది.

కానీ ఈ నేల మీద బోర్ల కంటే ముందు చెరువులున్నాయి. విజయనగర కాలం నాటి బుక్కరాయసముద్రం చెరువు ఇప్పటికీ ఉంది. చెరువులోకి నీళ్లు బయటినుంచి పారి వస్తాయి. మనిషి చేసేది కట్ట వేయడం.

బళ్లారి రాఘవనే చూడండి. 1880లో తాడిపత్రిలో పుట్టాడు. అప్పటికి అది బళ్లారి జిల్లానే, అనంతపురం 1882లో వేరుపడింది. వృత్తి ప్లీడరీ, ప్రాణం నాటకం. ఆ ప్రాణం ఆయనకు ఏకాంతంలో దొరికింది కాదు. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు తనూ ప్లీడరే, బళ్లారిలో సరస వినోదిని సభ పెట్టి నాటకాలు రాసి ఆడించినవాడు. నీళ్లు అటునుంచి వచ్చాయి.

అలాగని ఆత్మపరిశీలనకు పని లేదని కాదు. వచ్చిన నీటిలో ఎంత నిలిచిందో, ఎంత ఇంకిపోయిందో చూసుకోవడానికి అది కావాలి. ఆ నాటకాలు చూసినవాళ్లంతా రాఘవలు కాలేదు కదా.

అసలు చిక్కు వేరే ఉంది. ఆ రోజుల్లో ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే వేసేవారు. అదే ఊళ్లో, అదే తరంలో ఒక ఆడపిల్ల తనలోకి ఎంత తొంగి చూసుకున్నా తను నటినని ఎలా తెలుస్తుంది? ఆమెకు కరువైంది ఆలోచన కాదు, స్టేజీ. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని రాఘవ పట్టుబట్టాడు, వాళ్లతో కలిసి నటించాడు. ఆయన నటన కన్నా ఈ పట్టుదల మీదే నాకు గౌరవం ఎక్కువ.

అందుకే, ఇంకా ఏదీ తగలనివాళ్లు తమను తాము తప్పుపట్టుకోవడం మాని, నీళ్లు పారే చోటికి వెళ్లి కొన్నాళ్లు నిలబడి చూడాలి. తగిలినవాళ్లకు ఇంకో ప్రశ్న మిగులుతుంది. మన చెరువు నిండింది సరే, కింది చెరువుకు మరవ పారుతోందా?