ప్రసాదమునకు రంగేల?

వీరశైవ ధర్మమున అష్టావరణములు ప్రసిద్ధములు. గురువు, లింగము, జంగమము, పాదోదకము, ప్రసాదము, విభూతి, రుద్రాక్ష, మంత్రము అను ఈ యెనిమిదింటిలో ప్రసాదమునకు స్థానము కలుగుట సామాన్య విషయము కాదు. అన్నమును ఇష్టలింగమునకు అర్పించి, తిరిగి దానిని ప్రసాదముగ గ్రహించు భక్తునికి "ఇది నా సొమ్ము, నా యిష్టము వచ్చినట్లు తిందును" అను మాట చెల్లదు. అట్లయిన, ఆ యన్నము ఎట్లు పండినది, ఎట్లు తయారైనది, తినినవాని దేహమునకు ఏమి చేయుచున్నది అను విచారణ కూడ భక్తుని విధి యగునా? లేక అర్పణముతోనే సర్వదోషములును తొలగిపోవునా? ఈ ప్రశ్న మన గృహములయందును మఠములయందును విచారింపదగినది.

అనకాపల్లి ప్రాంతము వారికి ఈ ప్రశ్న బెల్లపు దిమ్మలోనే కనబడును. శారదా నది పరిసరములందు చెరకు తరతరముల పంట. మన బెల్లపు మార్కెట్టు దేశమందలి పెద్ద మార్కెట్లలో నొకటిగ పేరొందినది. చెరకుపై పరిశోధనకై ఇచ్చట 1913లోనే కేంద్రము నెలకొన్నది. గానుగాడిన రసమును పెనములో కాచి, కొద్దిగ సున్నము చేర్చి, పైకి తేలిన మడ్డిని తీసివేసి, పాకము కుదిరిన పిదప అచ్చులలో పోయుట మన రైతులకు వంశానుగతమైన విద్య. మడ్డి విరుగుటకు బెండ జిగురు వాడు పద్ధతియు కలదు. ఇట్లు వండిన బెల్లము నేలనుబట్టి, చెరకు రకమునుబట్టి, కాపునుబట్టి గోధుమ వన్నెగనో, అంతకంటె ముదురుగనో ఉండును.

కాని కొనువారి కన్ను తెల్లని దిమ్మపైననే నిలుచుచున్నది. లేత పసుపు వన్నె బెల్లమునకు మంచి ధర పలుకును, నల్లబెల్లము వెనుకబడును. ఈ కారణముననే కాగుచున్న రసములో "హైడ్రోస్" అని వ్యవహరింపబడు సోడియం హైడ్రోసల్ఫైటును చల్లు అలవాటు ప్రబలినది. అది వస్త్రములకు అద్దకము వేయు పరిశ్రమలలో వాడు రసాయనము. దానివలన రంగు తేలును గాని ఆ రంగు నిలుకడ గలది కాదు. నిలువ యున్నకొలది బెల్లము మరల నల్లబడును. బెల్లములో మిగిలిన గంధక శేషములు ఉబ్బసము గలవారిలో కొందరికి బాధ కలిగించును. రుచి పెరుగలేదు, పుష్టి పెరుగలేదు. కొన్ని దినములు కంటికి ఇంపుగ నుండుటయే దీని ఫలము.

ఇందు దోషమెవరిది? రైతును నిందించుట సులభము. కాని యతడు పది పన్నెండు నెలలు చెరకును సాకి, కూలియు వంటచెరకును భరించి, దిమ్మను మార్కెట్టుకు తెచ్చినపుడు రంగు లేదని ధర తగ్గించినచో ఏమి చేయగలడు? శివరాత్రికో, గృహప్రవేశమునకో అంగడికి పోయి "తెల్లని దిమ్మ చూపుము" అని యడిగిన మనము, ఆ రసాయనమును మన చేతితో కలుపకపోయినను, కలుపుమని కోరినవారమే యగుదుము. ధర రూపమున మన కోరిక పెనము దాక పోవుచున్నది.

"లింగమునకు అర్పించిన పిమ్మట దోషమెక్కడిది?" అని కొందరు పెద్దలు అందురు. వారి విశ్వాసము గౌరవింపదగినదే. కాని బసవేశ్వరుని కాలపు శరణులు అర్పణమును ఇట్టి అర్థమున గ్రహించినట్లు తోపదు. కల్యాణమున అయిదక్కి మారయ్య, లక్కమ్మ అను దంపతులుండిరి. నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే జంగమ దాసోహము నడుచుచుండెను. ఒకనాడతడు నిత్యముకంటె అధికముగ తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. అవసరమునకు మించినది ఆశయే యని చెప్పి, అధికమైన దానిని తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. శివార్పణము చేయబోవు బియ్యమే కదా యని ఆమె సరిపెట్టుకొనలేదు. అర్పణమునకు ముందే సంపాదన శుద్ధముగ నుండవలెనని ఆమె భావము. సంపాదనకు వర్తించిన నియమము తయారీకి వర్తింపకుండుటకు హేతువు కానరాదు. తెలిసి తెలిసి రసాయనపు రంగును కొని, "శివార్పణము" అని పలికినంతనే అది శుద్ధమగుననుట శివునిపై భారము మోపుటయే.

మరియు శివుడు వన్నెను కోరువాడు కాడని చాటు కథ మనకు కలదు. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున మాదార చెన్నయ్య వృత్తాంతము ప్రసిద్ధము. చోళరాజు అర్పించు రాజభోగములకంటె ఆ నిరుపేద భక్తుని అంబలి శివునకు ప్రియమయ్యెను. ఆ కథను భక్తితో విను మనమే ఇంటికి బంధువులు వచ్చినపుడు అంబలి పోయుటకు సిగ్గుపడుచున్నాము. ఒకప్పుడు మన ఉత్తరాంధ్ర మెట్ట పల్లెలలో చోడి అంబలి, గంటె సంకటి, సామల అన్నము నిత్యాహారములు. నూరు గ్రాముల చోళ్ళలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా సున్నపు ధాతువు, అనగా కాల్షియం, కలదు. బియ్యములో అది అత్యల్పము. చోడి వానాధారపు మెట్ట నేలలో స్వల్ప జలముతో మూడు నాలుగు మాసములలో పండును. వరికిని చెరకునకును కావలసిన నీరు దానికక్కరలేదు. నేలను, నీటిని రాబోవు తరమునకు మిగిల్చు పంట యిది. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. ఆ సంవత్సరము మార్చిలోనే మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో బాలబాలికలకు రాగి జావ ఇచ్చుట ఆరంభమయ్యెను. ఇంటిలో పెద్దలు "పేదల తిండి" యని చిన్నచూపు చూచిన పదార్థమును బడిలో పిల్లలు ప్రీతితో త్రాగుదురని ఉపాధ్యాయులు ఎట్లు ఆశింపగలరు?

ఇచ్చట మరియొక సత్యమును దాచరాదు. నల్లబెల్లము తెల్లబెల్లముకంటె మేలు గాని, అదియు ప్రధానముగ చక్కెరయే. అందు కొంత ఇనుము మొదలగు ఖనిజములున్నంత మాత్రమున మధుమేహ రోగికి అది పథ్యము కాదు. ఆహారమున అదనముగ చేర్చు చక్కెరలనుండి వచ్చు శక్తి మొత్తము శక్తిలో పదవ వంతునకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. దినమునకు 2000 కెలోరీలు తినువానికి ఇది సుమారు 50 గ్రాములగును. పండుగనాడు రెండు బూరెలు, ఒక గిన్నెడు పరమాన్నము తినిన ఈ హద్దు దాటుట కష్టము కాదు.

ఇందు మన ఆచారమునకే ఒక చిక్కు కలదు. ప్రసాదమును విడువరాదు, నేల రాల్చరాదు అనుట మన నియమము. వడ్డించువారు ప్రేమతో విస్తరి నింపుదురు. తినువారు అపచారమునకు వెరచి ఆకలి తీరిన పిదపను తిందురు. వ్యాధిగ్రస్తులైన వృద్ధులు నిరాకరించుటకు జంకి బాధపడుదురు. విడిచిన అపచారము, తినిన అనారోగ్యము. నా యభిప్రాయమున నియమము మంచిదే, వడ్డనలోనే లోపమున్నది. ప్రసాదము విడువరాదన్న నియమమే, మితముగ వడ్డింపుమని వడ్డించువానికి చేసిన ఆజ్ఞ కూడ. రేణువంత గ్రహించినను ప్రసాదము ప్రసాదమే. 2022లో ప్రపంచమున నూరు కోట్ల టన్నులకు మించిన ఆహారము వ్యర్థమైనదని ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ లెక్కించినది. ఎనిమిది శతాబ్దులకు పూర్వమే మెతుకును పూజ్యముగ చూచిన సమాజము ఈ విషయమున లోకమునకు దారి చూపవలసినది.

దాసోహమనగా ఆడంబరపు విందు కాదని తుమకూరు సిద్ధగంగా మఠము నిరూపించినది. 2019లో నూట పదకొండేండ్ల వయస్సున లింగైక్యులైన శ్రీ శివకుమార స్వాములవారి కాలమున అచ్చట వేలకొలది విద్యార్థులు, కులమత భేదము లేక, నిత్యము భుజించిరి. రాగి ముద్ద, సాంబారు అచ్చటి సామాన్య భోజనము. అన్నదాన మహిమ వంటకముల సంఖ్యలో లేదని దీనివలన తెలియవచ్చును.

శరణ బంధువులారా! "ఇవి కలిగినవారి మాటలు, పేదవాడు దొరికినది తినును" అని ఆక్షేపణ రావచ్చును. నిజమే. కావుననే భారము ముందు మఠములపైనను, శుభకార్యములు చేయు సంపన్న గృహములపైనను ఉన్నది. బారువుల కొలది బెల్లము కొనువారు వారే. రసాయనము కలుపని బెల్లమునకు తెల్లబెల్లపు ధరను తగ్గింపక ఇచ్చెదమని పది కార్యములకైనను రైతుతో ముందుగ మాట్లాడుకొనిన, అతడు హైడ్రోసు డబ్బా జోలికి పోనక్కరలేదు. దాసోహపు పంక్తిలో ఒక చిరుధాన్యపు వంటకముండవలెను. వడ్డించువారు మొదట కొద్దిగ పెట్టి, అడిగిన మరల పెట్టవలెను. తీపి వలదన్న వృద్ధుని బలవంతపెట్టరాదు. కాయకమును కైలాసముగ భావించిన ధర్మమున చెరకు రైతు కాయకమునకు న్యాయమైన వెల నిచ్చుటయు శివపూజలోని భాగమే.

రాబోవు శివరాత్రికి బెల్లము కొనునపుడు అంగడివానిని దిమ్మ రంగు కాక, అది వండిన విధమడుగుడు. తెలియదన్నచో తెలిసిన రైతును వెదకుడు. అనకాపల్లిలో అట్టి రైతు దొరకుట దుర్లభము కాదు.

శరణు శరణార్థి.