పొలిమేరకు వచ్చిన యొర్దాను

మత్తయి సువార్త 3:13–17 చదువుడి.

ఇటలీ దేశపు చిత్రకారుడు పియేరో దెల్లా ఫ్రాంచెస్కా సుమారు 1437–1445 సంవత్సరముల మధ్య, తన స్వస్థలమైన సాన్ సెపోల్క్రోలోని ఒక దేవాలయము కొరకు, ప్రభువు బాప్తిస్మమును చెక్కపలకపై చిత్రించెను. 1861లో లండను నేషనల్ గ్యాలరీ దానిని కొనెను. నేటికిని ఆ పటము అచ్చటనే ఉన్నది.

ప్రభువు చేతులు జోడించి నడుమ నిలిచియున్నాడు. యోహాను చిన్న గిన్నెతో ఆయన తలపై నీరు పోయుచున్నాడు. ముంచుటయే బాప్తిస్మమని ఎంచువారు ఇచ్చట చిత్రకారునితో తగవు పడవచ్చును. అది వేరు సంగతి. పైన పావురము రెక్కలు చాచియున్నది. చుట్టునున్న తెల్లని మేఘముల ఆకారమే దానికిని ఉండుటచేత, త్వరపడి చూచువాడు అదియు మేఘమేయనుకొని దాటిపోవును.

అయితే ఆ వెనుకనున్నది యూదయ అరణ్యము కాదు. దూరమున కనబడు గోడలు, బురుజులు సాన్ సెపోల్క్రోవేయని పండితులు గుర్తించిరి. యొర్దానును చిత్రకారుడు తన ఊరి పొలిమేరకు తెచ్చెను.

ఖరగ్‌పూరు తాల్‌బగీచాలోని తెలుగు విశ్వాసి ఈ పటమును గీసినయెడల, ఆ నది కంసావతి కావలెను. అయితే అతనికి అట్లు తోచునా? రైల్వే కొలువుకై తాతలు ఉత్తరాంధ్రనుండి వచ్చిరి. మనుమలు ఇచ్చటనే పుట్టిరి. అయినను 'ఊరు' అనగా ఇంకను ఆ పల్లెయే. “బాప్తిస్మమా? ఊరికి పోయినప్పుడు, మనవారందరి యెదుట తీసుకొందము” అనుమాట ఇట్టి ఇండ్లలో పుట్టుట సహజము. ఆ కోరిక చెడ్డది కాదు. కాని ఒక ఏడు సెలవు దొరకదు. దొరికిన ఏడు పెండ్లి వచ్చును. ఆ పిమ్మట చూడవలెనన్న పెద్దలే ఉండరు. ఐతియొపీయుడైన నపుంసకుడును స్వదేశమునకు పోవుచున్నవాడే (అపొ. కార్యములు 8:26–39). త్రోవలో నీళ్లు కనబడగానే అతడు రథము నిలిపించెను.

పటములో యోహాను వెనుక ఒకడు చొక్కా విప్పుచున్నాడు. అది తలపైకి వచ్చి ముఖమును కప్పియున్నది. వర్కుషాపునుండి వచ్చి పెరటిలో నూనె మరకల చొక్కా విప్పు కార్మికుడును అట్లే కనబడును. ఆ క్షణమున అతడు ప్రభువును చూడలేడు, పావురమును చూడలేడు. ముగ్గురు దేవదూతలు చెట్టునొద్ద నిలిచియున్నారు. ఆవలి ఒడ్డున గొప్ప అంగీలు ధరించినవారున్నారు; వారిలో ఎవడును అంగీ సడలించుకొనలేదు. చూపు మూసికొనిపోయిన ఆ ఒక్కడే సిద్ధపడుచున్నాడు. నది తన ఊరికి వచ్చినది. అతడు చొక్కా పైకెత్తెను.