ఎగిరిపోయిన రెండు బీట్లు

హైదరాబాద్ నుంచి ఆర్మూర్ వచ్చే బస్సు మేడ్చల్ దాటాక అన్న ఒకే ఒక్క మాట అడిగాడు. అప్పటిదాకా కిటికీలోంచి చూస్తూ కూచున్నాడు. మోకాళ్ల మధ్య గిటార్ సంచి.

"ఏడాది సంది ఇంటున్నరు గదా తమ్మీ. మీ ఒక్కరికి గూడ ఇనవడలేదా?"

ఇనవడింది. నాకైతే మొదటి నెలలోనే ఇనవడింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి నాకు కామారెడ్డి దాకా పట్టింది.

మేం ఆరుగురం. జాజ్ గిటార్ ఎవరికి వాళ్లం ఇంట్లో కూచుని నేర్చుకుంటూ, వాయించింది ఫోన్‌లో రికార్డు చేసి ఒక వాట్సాప్ గ్రూపులో పంపుకుంటాం. ఆర్మూర్‌లో జాజ్ ఏందిరా అని నవ్వేవాళ్లుంటారు, నేనూ నవ్వుతాను. పసుపు, ఎర్రజొన్న, నవనాథుల సిద్దులగుట్ట, పక్కనే అంకాపూర్ దేశీకోడి కూర. మా ఊరి పేరు చెబితే జనానికి గుర్తొచ్చేవి ఇవి. ఇక్కడ ప్రతి గల్లీకీ గల్ఫ్‌లో ఒక మనిషి ఉంటాడు. మా గ్రూపులో అన్న అట్లాంటివాడే. షార్జాలో ఏసీలు బిగించే పని. రూములో ఎనిమిది మంది. శుక్రవారం రాత్రి కింది బెర్తు మీద కూచుని వాయించి పంపుతాడు. వెనక ఎవరిదో కుక్కర్ విజిల్, ఎవరో ఇంటికి ఫోన్ మాట్లాడుతున్న గొంతు, వాటి నడుమ ఆటమ్ లీవ్స్. 1945లో జోసెఫ్ కోస్మా అనే హంగేరీ మనిషి పారిస్‌లో కట్టిన బాణీ, తర్వాత జాజ్ నేర్చుకునే ప్రతివాడికీ ఓనమాలైపోయింది. మాకూ అంతే. సరళీ స్వరాలు దాటనివాడు కృతి పాడొద్దన్నట్టు, అది రాకుండా ఇంకోటి ముట్టొద్దని మాలో మేమే పెట్టుకున్నాం.

గ్రూపులో ఇంకో నియమం కూడా ఉండేది. దాన్ని ఎవరూ పెట్టలేదు, అదే వచ్చి కూచుంది. ఎవరు ఏం పంపినా మెచ్చుకోవాలి. "సూపర్ అన్నా", "మస్తు వాయించినవ్", రెండు చప్పట్లు, ఒక నిప్పు బొమ్మ. నేను వినకుండానే చప్పట్లు పెట్టిన రోజులున్నాయి. నాలుగు నిమిషాల రికార్డింగ్‌కు నలభై సెకన్లకే మెచ్చుకోలు వచ్చేస్తే, పంపినవాడికి లెక్క తెలియదా? తెలుస్తుంది. అయినా ఎవరూ అడగరు.

అన్న తప్పు ఎక్కడంటే, పాట చివరి ఎనిమిది బార్లలో. అక్కడ కార్డులు బార్‌కు రెండు చొప్పున గబగబా మారతాయి. అక్కడికి రాగానే ఆయన వేళ్లు భయపడి, రెండు బీట్లు మింగేసి తర్వాతి బార్లోకి దూకుతాయి. ఒక్కడే వాయిస్తున్నప్పుడు అది తప్పులా అనిపించదు. ఆయన కాలం ఆయనది. ఆయనతో పాటే పాటా దూకుతుంది. ఇంకా చెప్పాలంటే వినడానికి బాగుంటుంది కూడా, ఏదో ఆత్రంగా ఇంటికి పరిగెత్తినట్టు. బేస్, డ్రమ్స్ పక్కన ఉంటేనే ఆ రెండు బీట్లు ఎవరివి అన్న ప్రశ్న వస్తుంది.

సెలవు మీద వచ్చినప్పుడు అన్న హైదరాబాద్‌లో ఒక కెఫేలో ఓపెన్ మైక్‌కు పేరిచ్చుకున్నాడు. మా చప్పట్లు చూసే ఇచ్చుకున్నాడు, ఇందులో నాకు అనుమానం లేదు. బేస్, డ్రమ్స్ అక్కడి పిల్లలవి. మొదటి సారి చివరికొచ్చేసరికి ఆయన రెండు బీట్లు ముందు, వాళ్లు వెనక. రెండోసారికి బేస్ పిల్లవాడు సర్దుకోవాలని చూశాడు. మూడోసారికి డ్రమ్స్ ఆగిపోయాయి. అన్న ఇంకా నాలుగైదు బార్లు ఒక్కడే వాయించి, తలెత్తి చూసి, తనూ ఆపేశాడు. ఎవరూ నవ్వలేదు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు మా గ్రూపులో చప్పట్ల లాగే ఉన్నాయి.

మేం చేసింది అబద్ధమా? చాలా రోజులు కాదనే వాదించుకున్నాను. మస్తు వాయించినవ్ అన్నప్పుడు నేను చెప్పింది ఆయన వాయించినదాని గురించి కాదు. పదిగంటలు ఎండలో పనిచేసొచ్చి, ఇంకా తీగెల మీద చెయ్యి వేస్తున్నందుకు. అది నిజమే కదా. మనుస్మృతిలో ఒక శ్లోకం ఉంది, చాలామందికి సగమే తెలుసు. నిజం చెప్పు, ప్రియంగా చెప్పు, అప్రియమైన నిజం చెప్పకు అంటుంది. ఆ తర్వాతి భాగం, ప్రియమైన అబద్ధం కూడా చెప్పకు అని. అంటే అన్న రెండు బీట్లు మింగిన చోట నాకు మిగిలింది మౌనం ఒక్కటే. ఆ శ్లోకం రాసినవాడికి వాట్సాప్ తెలియదు. చూశారని రెండు నీలి టిక్కులు పడ్డాక జవాబు రాకపోవడం కంటే అప్రియమైనది ఏముంది? మౌనం కూడా మాటే అయిపోయిన చోట ఆ శ్లోకం నన్ను గట్టెక్కించలేదు.

మా అమ్మమ్మ ఊళ్లో చిరుతల రామాయణం ఆడేవాళ్లు. ఆడేవాళ్లందరూ ఊరివాళ్లే. పొద్దంతా నాట్లు, కలుపు, రాత్రి ప్రాక్టీసు. ప్రాక్టీసులో హార్మోనియం పట్టే మాస్టారు తిట్టే తిట్లు ఇక్కడ రాయలేను. అడుగు తప్పితే చిరుతతో పిక్క మీద ఒకటి పడేది. అదే మనిషి ఆట రోజు రాముడు మాట మరిచిపోతే హార్మోనియం పెంచి కప్పేసేవాడు. జనం పది రూపాయలో ఇరవయ్యో కట్నం చదివించేవాళ్లు, రాముడు బాగా ఆడాడని కాదు, మా రాముడని. వాళ్లకు గందరగోళం లేదు. ఇది ప్రాక్టీసు, అది ఆట. తిట్టేచోటు వేరు, కప్పిపుచ్చేచోటు వేరు. మా ఖర్మేమిటంటే ఫోన్‌లో రికార్డింగ్‌కు ఆ గీత లేదు. పంపేవాడికి అది ప్రాక్టీసు కావచ్చు. పదిమంది ముందు పెట్టాడు కనక వినేవాడికి ఆట. ఏది అని ఎవరూ అడగరు. మేం ప్రతిదాన్నీ ఆటగానే తీసుకుని కట్నాలు చదివించాం.

బాపుకు జాజ్ తెలియదు, ఈ కథ చెబితే ఆయన పసుపులోకే తీసుకెళ్లాడు. తవ్విన పసుపును ఉడకబెట్టి, కల్లంలో ఎండబోసి, పాలిష్ పట్టి నిజామాబాద్ గంజుకు తోలతారు. ఖరీదుదారు కుప్పలోంచి ఒక కొమ్ము తీసి విరుస్తాడు. బాగా ఎండిన కొమ్ము టంగుమని విరుగుతుంది. పచ్చి ఉంటే ఆ చప్పుడు రాదు. పైన పాలిష్ ఎంత మెరిసినా లోపలి రంగు, ఆ చప్పుడు, వీటి మీదే ధర. ఒక ఏడు పక్క చేను వాళ్ల పసుపు ఆరలేదని కల్లం చూసిన అందరికీ తెలుసట. అప్పటికే బిడ్డ పెండ్లి పెట్టుకున్నారు, పాపం ఎందుకు చెప్పాలని ఎవరూ చెప్పలేదు. గంజులో కొమ్ము విరిగింది, ధరా విరిగింది.

"కల్లంల మనం ఇర్సి సూడకపోతే, గంజుల ఆడు ఇరుస్తడు" అన్నాడు బాపు. కాసేపాగి, "చెప్తే ఏమైతుండె? రెండు దినాలు ఎక్కువ ఆరబోయాలె. మనం గూడ పోయి తిరగేయాలె. అందుకే ఎవడు చెప్పలే" అన్నాడు.

ఈ రెండో మాట నన్ను కుదురుగా కూచోనివ్వలేదు. నేను అన్నకు చెప్పకపోవడానికి ఆయన నొచ్చుకుంటాడన్న దయ ఒక్కటే కారణం కాదు. చెబితే కూచోవాలి. ఆ ఎనిమిది బార్లు నెమ్మదిగా, మెట్రోనోమ్ రెండో బీటు మీద, నాలుగో బీటు మీద కొట్టేలా పెట్టి, ఆయనతో పాటు వారాల తరబడి లెక్కపెట్టాలి. చప్పట్ల బొమ్మకు అర సెకను చాలు.

జాజ్‌లో దీని మీద ఒక పాత కథ ఉంది. 1930ల నడుమ కాన్సస్ సిటీలో రెనో క్లబ్ అనే చోట చార్లీ పార్కర్ అనే కుర్రవాడు పెద్దవాళ్లతో సాక్సఫోన్ వాయిస్తూ దారి తప్పాడు. డ్రమ్స్ మీదున్న జో జోన్స్ కంచు తాళం ఊడదీసి వాడి కాళ్ల దగ్గర పడేశాడు. 2014లో వచ్చిన విప్లాష్ సినిమాలో క్రూరుడైన మాస్టారు ఈ కథనే పెంచి చెబుతాడు, తాళం తలకే విసిరాడని, ఆ అవమానం లేకపోతే పార్కర్ లేడని. సినిమా చూసినప్పుడు నాకూ ఒళ్లు జలదరించింది. తర్వాత చదివాను. పార్కర్ ఓజార్క్ కొండల్లోని ఒక రిసార్టులో బ్యాండుతో ఒక వేసవి గడిపాడు. లెస్టర్ యంగ్ రికార్డుల్లోని సోలోలు వినీ వినీ పట్టుకున్నాడు. ఆ బ్యాండులోని గిటారిస్టు ఒకడు పక్కన కూచుని కార్డులు ఎలా నడుస్తాయో నేర్పాడని జీవితచరిత్రల్లో ఉంది. తాళం పడేసినవాడు సినిమాకెక్కాడు. పక్కన కూచున్న గిటారిస్టు పేరు మా గ్రూపులో ఒక్కడికీ తెలియదు. గిటారిస్టులం అయ్యుండి.

ఇక్కడితో తేలిపోయిందనుకున్నాను, నిజం చెప్పడమే ప్రేమ అని. ఆ ఊపులోనే ఇంకో తప్పు చేశాను. అన్న సంఘటన జరిగిన నెలకు డిగ్రీ చదివే ఒక అమ్మాయి గ్రూపులో చేరి, నెల రోజులకు ధైర్యం చేసి మొదటి రికార్డింగ్ పంపింది. నేను ఇరవై లైన్లు రాశాను. తీగె శ్రుతి తప్పింది, కుడిచెయ్యి బిగుసుకుపోయింది, ప్రతి వాక్యం మొదటి బీటు మీదే మొదలవుతోంది. అన్నీ నిజాలే, ఒక్కటీ తిట్టు కాదు. ఆమె "థాంక్స్ అన్నా" అంది. మూడో రోజు గ్రూపులోంచి వెళ్లిపోయింది. నేను కొమ్ము విరిచాను, నిజమే. తిరగేయడానికి మాత్రం వెళ్లలేదు. పైగా ఆమె విరవమని ఇవ్వనే లేదు. నాకూ చేతనవుతోంది చూడండి అని చూపించింది, అంతే. ఆ రోజుకది ఆట. నేను చిరుత పుచ్చుకున్నాను.

ఆమెకు మెసేజ్ పెట్టాలని చాలాసార్లు టైపు చేసి చెరిపేశాను. సారీ చెప్పడం కూడా నా మనసు తేలిక చేసుకోవడానికేమో అనిపిస్తుంది. ఇంకా తేల్చుకోలేదు.

అన్న మళ్లీ షార్జా వెళ్లిపోయాడు. రెండు నెలలు ఏమీ పంపలేదు. నేను గ్రూపులో కాకుండా విడిగా, మెట్రోనోమ్‌తో ఆ చివరి ఎనిమిది బార్లు నేనే వాయించి పంపాను. నాది కూడా ఆరో బార్‌లో తడబడింది, అట్లనే పంపాను. చూశాడు. జవాబు లేదు. మొన్న శుక్రవారం రాత్రి పన్నెండు దాటాక ఫోన్ మోగింది. మూడు నిమిషాల యాభై సెకన్ల రికార్డింగ్, కింద ఒక లైను:

"చివరి ఎనిమిది బార్లు ఇను తమ్మీ. ముందలదానికి చప్పట్లు కొట్టు, గ దానికి మాత్రం కొట్టకు."

చెవుల్లో పెట్టుకుని, వేళ్ల మీద లెక్కపెడుతూ విన్నాను. కుక్కర్ విజిల్ ఉంది. ఇరవై ఎనిమిదో బార్ దగ్గర ఆయన ఆగాడు, ఊపిరి తీసుకున్నట్టు. ఒక బీటు మిగిలింది, ఇంకొకటి ఎగిరిపోయింది. మళ్లీ మొదటినుంచి పెట్టి, కాగితం మీద ఏ బార్‌లో ఎక్కడ అని రాసుకోవడం మొదలుపెట్టాను.