పని మానిన బండి



ఒక వస్తువు ఏ పనికొరకు చేయబడెనో ఆ పని మానివేసి, కేవలము చూచువారి కన్నులకొరకు నిలిచినయెడల, దానికి గౌరవము కలిగినదా, అవమానము కలిగినదా? ఈ ప్రశ్న ఎ.కొండూరులో మా యౌవనస్థుల కూటమున పుట్టినది. అమెరికా దేశపు పాత వ్యాను ఒకటి, అద్దమువలె మెరయు రంగుతో, నేలను తాకునంత క్రిందికి దించబడి, ప్రదర్శనశాలలో నిలిచియున్న చిత్రమును వారు సెల్‌ఫోనులో చూచిరి. కొందరు "అబ్బ!" అనిరి. తక్కినవారు "ఎంత దుబారా!" అనిరి. రెండును తొందరపాటు మాటలేయని మాకు తోచినది గనుక దీనినిగూర్చి కొంచెము ఆలోచింతము.

ముందుగా ఆ బండి యేమిటో తెలిసికొనవలెను. పానెల్ ట్రక్కు అనగా వెనుక భాగమంతయు రేకుతో మూయబడి, ప్రక్కలను కిటికీలు లేని చిన్న సరకుల వ్యాను. రొట్టెలు కాల్చువారు, చాకిరేవు కంపెనీలవారు, పూలు అమ్మువారు, పనిముట్లు మోసికొనిపోవు మేస్త్రీలు వాటిని వాడిరి. కిటికీ లేదు గనుక దుకాణము పేరు పెద్ద అక్షరములతో వ్రాయించుకొనుటకు చోటు దొరికెను. ఏండ్ల తరబడి అరిగి, పెరటిలో తుప్పుపట్టిన అట్టి బండిని ఒకడు కొనును. పైకప్పు క్రింది కమ్ములను కొన్ని అంగుళములు కోసి మరల అతికి కప్పును దించును. ఇరుసుల యొద్ద సవరించి బండినంతయు దించును. పాత ఇంజను తీసి బలమైనది పెట్టును. బంపరులకు క్రోమియము పూత, రేకుకు పొరమీద పొరగా రంగు, లోపల తోలు సీట్లు. ఇట్టివి కొన్ని నేటికిని రోడ్డుమీద తిరుగుచున్నవి. అయితే గొప్ప ప్రదర్శనలకని తయారైన కొన్ని దుమ్ము పడకుండ వేరొక బండిమీద ఎక్కి ప్రయాణము చేయును. మోయుటకు పుట్టినది మోయబడుచున్నది.

నవ్వుటకు ముందు దాని పుట్టుక చూడుడి. ఈ హాట్ రాడ్ అనునది ధనికుల మేడలలో పుట్టలేదు. 1930ల కరవు దినములలో దక్షిణ కాలిఫోర్నియా కుఱ్ఱవాండ్రు చవుకగా దొరకు పాత ఫోర్డు కార్లను కొని, ఎండిపోయిన సరస్సుల గట్టి నేలమీద పందెములు తోలిరి. బరువు తగ్గవలెనని మడ్గార్డులు ఊడదీసిరి. గాలి అడ్డు తగ్గవలెనని కప్పు దించిరి. 1932లో ఫోర్డువారు 65 గుఱ్ఱపు శక్తి గల వి-8 ఇంజనును సామాన్యుని కారులో పెట్టగా వారికి పండుగయైనది. 1937లో పందెగాండ్ర సంఘమేర్పడెను. 1948లో వారి పేరనే ఒక పత్రిక వెలువడెను. 1950 నాటికి ఓక్లండు నగరములో వారి బండ్లకు ప్రదర్శన జరిగెను. మొదట తీసివేసిన ప్రతి ముక్కకును ఒక కారణముండెను. తరువాత కారణము వెళ్లిపోయి ఆకారము మిగిలెను. పందెము తోలని బండికిని కప్పు దించుట మొదలైనది.

ఇది బండ్లకు మాత్రమే జరుగు సంగతి కాదు. అరణ్యములో పాముకాటు తిన్నవారు చూచి బ్రదుకునట్లు మోషే చేసిన ఇత్తడి సర్పము (సంఖ్యా. 21) హిజ్కియా దినములకు ధూపము వేయించుకొను వస్తువాయెను. రాజు దానిని ముక్కలు చేసెను (2 రాజులు 18:4). అది అందముగా నున్నదని గాని, దాచి ఉంచిరని గాని ఆయన దానిని పగులగొట్టలేదు. జనులు దాని యెదుట మోకరించిరని పగులగొట్టెను. కేవలము దాచియుంచుటయే తప్పైనయెడల, మన్నాగల పాత్ర మందసము దగ్గర ఎందుకుండెను?

మన దేశములోనే దీనికి దగ్గర ఉదాహరణ కలదు. హైదరాబాదు బహదూర్‌పురాలో జంతు ప్రదర్శనశాలకు సమీపమున 2010లో సుధాకర్ యాదవ్ అను నాయన వింత కార్ల ప్రదర్శనశాల తెరచెను. బూటు, వంకాయ, క్రికెట్ బ్యాటు, చేతిసంచి మొదలగు ఆకారములలో తుక్కు ఇనుముతో, పాత ఇంజనులతో ఆయన నడుచు బండ్లు చేసెను. 2005లో ఆయన తొక్కిన 41 అడుగుల పైచిలుకు ఎత్తుగల మూడు చక్రముల సైకిలు గిన్నిసు పుస్తకములో కెక్కినది. ఇక్కడ ఎవని రొట్టెయు తగ్గలేదు, కరగించుటకు పోవలసిన ఇనుము పిల్లలను నవ్వించుచున్నది. 2020 ఏప్రిలులో, అందరు ఇండ్లలో మూతపడిన దినములలో, ఆయన కరోనా పురుగు రూపమున ఒక కారుచేసి జనులను హెచ్చరించెను. దానికి చూపబడుటయే పని. కాబట్టి ప్రదర్శన అంతయు వ్యర్థమనువారి మాట నిలువదు.

మన డప్పు సంగతి చూడుడి. పశువు బ్రదికినన్నాళ్లు దున్నెను. చచ్చిన పిమ్మట దాని చర్మము వలయమునకు బిగింపబడి మ్రోగుచున్నది. క్రిస్మసు రాత్రి ఆ మ్రోత వినుచు, ఎద్దుకు అన్యాయము జరిగెనని ఎవడును ఏడ్వడు గదా.

అయితే మా మనస్సు ఎక్కువగా మొగ్గునది మరియొక విధమైన అలంకారమునకు. మైలవరము మీదుగా బెజవాడకు పోయినవారందరికి ఆటోనగరు తెలియును. 1966లో ఏర్పడిన ఆ పేటకు ఇంజను, చట్రము మాత్రముగా వచ్చిన లారీ క్యాబిను, తొట్టి, రంగులు, పువ్వులు, పేరు పెట్టించుకొని పెండ్లికొడుకువలె బయటికి వచ్చును. ఆ సాయంకాలమే ధాన్యమో సిమెంటో ఎక్కించుకొని మన ఊరి మీదుగా భద్రాచలము త్రోవ పట్టును. ఏరువాకనాడు ఎద్దు కొమ్ములకు రంగు పూసి, మెడకు గంటలు కట్టి, ఆమీదట కాడి వేసినట్లే యిది. బెసలేలునకు దేవుడు నేర్పిన చెక్కడపు పనియు (నిర్గమ. 31) వాడబడు గుడారమునకే గదా.

ఖర్చు మాట అడుగుదురు. బీదలకియ్యవచ్చునే యని బేతనియలో అడిగినవాడు ఎవడో యోహాను వ్రాసియున్నాడు (12వ అధ్యాయము), గనుక ఆ మాట అనుటకు ముందు మన సంచి మనము చూచుకొనుట మంచిది. అయినను ఒక భేదము కలదు. ఆమె అత్తరు బుడ్డిని పగులగొట్టి పోసివేసెను, మెరుగుపెట్టి అలమరలో పెట్టలేదు.

ఇది మాకు దూరపు తర్కము కాదు. మా మండలపు తండాలలో మూత్రపిండముల జబ్బు ఎన్ని ఇండ్లను కూల్చెనో చదువరులకు తెలియును. బోరు నీటిమీది అనుమానముతో ట్యాంకరులలో మంచినీరు తోలిన దినములున్నవి. ఆ ట్యాంకరు అందమైనది కాదు. సొట్టలు, తుప్పు, కారు కుళాయి. దాని హారను వినబడగానే స్త్రీలు బిందెలతో పరుగెత్తుదురు. ఎవరైన దానికి పువ్వులు వేసి రంగులద్దినయెడల మేము సంతోషింతుము. అది అందముగా నున్నదని షెడ్డులో పెట్టి తాళము వేసినయెడల తండాలో బిందెలు ఎండును. అరిగి విరిగి, బదులు వేరొకటి వచ్చిన పిమ్మట దానిని ఏ విచిత్రముగా మార్చుకొన్నను మాకు అభ్యంతరము లేదు. బండి ఆగినచోట ఎవరైన కాచుకొని యున్నారా అని మాత్రము అడుగుదుము. ఆ అమెరికా వ్యాను కొరకు రొట్టెకై కాచుకొన్నవారు ఎప్పుడో వేరొక బండి చూచుకొనిరి.

యౌవనస్థులకు ఇంకొక మాట. షెడ్డులోని హాట్ రాడ్ ఎవరి నిద్రయు చెరుపదు. సైలెన్సరు మార్చిన మోటారు సైకిలు, డయాలసిస్ చేయించుకొని వచ్చి పండుకొన్నవాని ఇంటి ముందు రాత్రివేళ పోవునప్పుడు ఏమి చేయునో మీరే వినియుందురు. బండి మొదటి రూపమును రిజిస్ట్రేషను వివరములకు విరుద్ధముగా మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను అడ్డగించుచున్నది. 2019 జనవరిలో సుప్రీము కోర్టును ఆ మాటే గట్టిగా చెప్పెను. చట్టముకంటె ముందు ఆ రోగి ఉన్నాడు.

మరియొక సంగతి మమ్మును విడువకున్నది. ప్రదర్శనశాలలో బండి ప్రక్కన నిలిపిన పలకమీద ఇంజను వివరము, రంగు వివరము, యజమాని పేరు ఉండును. తెల్లవారుజామున చలిలో ఆ బండిలో రొట్టెలు మోసినవాని పేరు ఉండదు. ఈ విషయములో మన ఆటోనగరు లారీ మేలు. ఈసారి తిరువూరు రోడ్డుమీద లారీ ఆగినప్పుడు దాని వెనుకకు పోయి వంగి చూడుడి. పువ్వులకును నెమలికిని క్రింద, బురద చిమ్ము చోట, చిన్న అక్షరములతో రంగులు వేసినవాని పేరు, ఒక్కొక్కసారి అతని ఫోను నంబరుతో కూడ కనబడును.