పడిన నీరు పోయిన నీరు కాదు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున భిలాయికి సమీపమున ఉతై అను ఊరు కలదు. 1955వ సంవత్సరమున సోవియట్ సహకారముతో భిలాయి ఉక్కు కర్మాగారమునకు ఒడంబడిక కుదిరిన పిమ్మట, తెలుగువా రనేకులు ఆ ప్రాంతమునకు వలసపోయి స్థిరపడిరి. అట్టివారిలో నొక వృద్ధుడు నాతో నిట్లనెను: "అయ్యా, నా యౌవనమంతయు కొలిమి వేడిలో కరిగిపోయినది. ఉద్యోగము ముగిసినది. బిడ్డలు దూరదేశముల కేగిరి. రాజమహేంద్రవరమున పుట్టి, గోదావరికి దూరముగా రాలిపోవుచున్నాను. ఇక నే నెవరికి?"

వర్షాకాలము ముగియు దినములలో ఆయనతో గూడి తీరథ్‌గఢ్ జలపాత దర్శనమునకు పోతిని. ఉతై ప్రాంతపు నీరు శివనాథ నది ద్వారా మహానదిని చేరును. కాంకేరు దాటి కేశకాల కనుమ నెక్కిన పిమ్మట నీటి దారియే మారును. అచటినుండి వాగులు గోదావరి దిక్కునకు నడచును. 1982లో జాతీయోద్యానముగా ప్రకటింపబడిన కాంగేర్ లోయ యడవిలో ఈ జలపాతము కలదు. కొద్దిపాటి కాలిబాట, ఆపైన దిగుడుమెట్లు. రూపము కంటబడక మునుపే ఘోష చెవి సోకును. ముంగాబహార్ నది సుమారు 300 అడుగుల ఎత్తునుండి రాతి అంచెలపై విరిగి, పాలనురుగువలె తెల్లనై దుముకుచుండెను. చెంతనే శివపార్వతుల ఆలయము.

వృద్ధుడు చాలసేపు చూచి, "ఎంత నీరు! అంతయు పగిలిపోవుచున్నదే!" అనెను.

"పడినది గాని పోలేదు. ఈ నీరు కాంగేరులోను, కాంగేరు కొలాబులోను కలియును. ఆ కొలాబే మన శబరి. కూనవరము వద్ద గోదావరిలో చేరి, పాపికొండల నడుమగా మీ రాజమహేంద్రవరమునకే పోవును" అంటిని. ఆయన మారు పలుకక, వంగి దోసిట నీరు పట్టి కన్నుల కద్దుకొనెను.

సాధకులారా, పతన మనునది ఒడ్డున నిలిచి చూచువాని మాట. నీటికి అది ప్రయాణములో నొక అడుగు. ఎత్తుపల్లములను లెక్కించునది అహంకారమే. యౌవనము, ఉద్యోగము, పెద్దరికము అన్నియు నట్టి అంచెలే. కర్మఫలమును ఈశ్వరార్పణ మొనర్చినవానికి ఏ అంచెనుండి జారినను నష్టము లేదు, గమ్యము తప్పదు.

ఐనను ఒక్క హెచ్చరిక. జలపాతము చెంత కలిగిన పరవశమే జ్ఞానమని భ్రమింపరాదు. వేసవిలో ఆ ధార సన్నగిలును. అప్పుడును అది ఎండిపోకుండ కాపాడునది ఘోష కాదు. పైయడవిలో చెట్లవేళ్లు మౌనముగ పట్టియుంచిన తడి. మనకును ఒకనాటి ఆవేశము చాలదు. అనుదిన జపము, అనుదిన సేవ వలయును. దిగినవారు ఆ మెట్లనే మరల ఎక్కవలసియున్నది గదా!

ఆ వృద్ధుడు ఎక్కెను. ఉతైకి మరలివచ్చి, సాయంకాలములందు తన యింటి అరుగుపై ఇరుగుపొరుగు తెలుగుపిల్లలకు అక్షరములు దిద్దించుచున్నాడు. "ఇక నే నెవరికి?" అను ప్రశ్న ఆయన నోట నేను మరల వినలేదు.