చిత్రము కొరకు ప్రాణిని కదల్పవచ్చునా?

మలేసియాలోని పేరాక్ రాష్ట్రమున, గోపెంగ్ సమీపమందలి ఉలు గెరో అడవిలో, రాజా బ్రూక్ అను సీతాకోకచిలుకలు తడినేలపై గుంపులుగా వ్రాలును. నల్లని రెక్కలపై ఆకుపచ్చని మెరుపు వాటి శోభ. 1855లో ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్ ఈ జాతికి సారవాక్ రాజగు జేమ్స్ బ్రూక్ పేరు పెట్టెను. ఆ కాలపు అన్వేషకులు వాటిని వలతో పట్టి, సూది గ్రుచ్చి, పెట్టెలలో దాచిరి. నేటి యాత్రికుడు కెమెరాతో వచ్చుచున్నాడు. వల పోయినది గనుక హింసయు పోయినదని తలచుట సహజము. ఆ తలపు ఎంతవరకు నిజము?

తడినేలపై వ్రాలునవి చాలవరకు మగవి. ఊటనీటిలోని లవణముల కొరకు అవి వచ్చును. కొన్ని జాతులలో మగది ఇట్లు కూడబెట్టిన సోడియమును జతకూడునపుడు ఆడదానికి ఇచ్చుననియు, అందు కొంత గ్రుడ్లకు చేరుననియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. చూపరికి అది అందము. ఆ ప్రాణికి ఆహారము, సంతానము కొరకైన సంపాదన. రెక్కలు విప్పిన చిత్రము కావలెనని దానిని అదలించి లేపువాడు, విస్తరి ముందు కూర్చున్న అతిథిని లేపినవానితో సమానుడు.

మరికొందరు సీతాకోకచిలుకను పట్టి, మంచుపెట్టెలో చల్లబరచి, కదలలేని దానిని పువ్వుపై నిలిపి చిత్రము తీయుదురు. రెక్క చిరుగలేదు, ప్రాణము పోలేదు, ఇక దోషమేమని వారి వాదము. దోషములు రెండు గలవు. ఎగురగల ప్రాణిని ఎగురలేనిదానిగా చేయుట మొదటిది. ఆ నిశ్చలతను సహజమని చూపి చూచువారిని మోసగించుట రెండవది. చిత్రము ఎంత అందముగా నున్నను ఈ రెండును తొలగవు.

రబ్బరు తోటలలో బ్రతికిన తెలుగువారి పెద్దలకు ఈ ధర్మము క్రొత్త కాదు. వారు తెల్లవారకముందే లేచి చెట్లు గీచిరి. చల్లని వేళ పాలు బాగుగా కారును. కత్తి కొంచెము లోతుగా దిగినచో చెట్టు గాయపడును, ఆ బెరడు మరల చక్కగా పెరుగదు. కావలసినది తీసికొనుచు చెట్టును కాపాడుటయే వారి నేర్పు.

కెమెరా పట్టినవానికిని ఆ నేర్పే కావలెను. ఎండ ముదరని ఉదయమున, నీడ ప్రాణిపై పడనీయక, వంగి, అడుగడుగునకు ఆగుచు సమీపింపవలెను. అది ఉలికిపడినచో నిలువవలెను, ఎగిరినచో వెంటాడరాదు. దూరమునుండియే దగ్గరగా చూపు లెన్సు ఉన్న మరింత మేలు. మోకాళ్ళ నొప్పి, దోమకాటు, ఒక్కొక్కనాడు వట్టిచేతులతో తిరిగివచ్చుట, ఇవియే ఆ చిత్రమునకు వెల. ఆ వెలను చిత్రము కోరినవాడే చెల్లింపవలెను. నీరు త్రాగవచ్చిన ప్రాణిపై మోపుట న్యాయము కాదు.